డాల్ఫిన్ దాకా ఎందుకు?

నీలం రంగు కొలను. లైఫ్ జాకెట్ వేసుకున్న పిల్లాడు. పక్కనే నీళ్ళలోంచి తలెత్తి చూస్తున్న డాల్ఫిన్. పిల్లాడు పకపకా నవ్వుతాడు, గట్టు మీద తల్లి కళ్ళు తుడుచుకుంటుంది. ‘డాల్ఫిన్ థెరపీ’ అని ఫోన్లో కొడితే ఇలాంటి వీడియోలు కుప్పలుగా వస్తాయి. ఆ ఫోన్ చూస్తున్న తల్లిది సింగరాయకొండ అయితే ఇంకో ఆలోచన కూడా తోస్తుంది. సముద్రం ఎక్కడో లేదు, పాకల బీచ్ పక్కనే ఉంది. బంగాళాఖాతంలోనూ డాల్ఫిన్లు ఉన్నాయి. మరి మనవాడికీ మాటలు వస్తాయేమో?

ఈ ఆశను ఎగతాళి చేసేవాళ్ళకు ఆ ఇంటి సంగతి తెలియదనుకోవాలి. పిలిస్తే పలకని బిడ్డ గురించి అప్పటికే ఊరంతా తలా ఒక మాట అని ఉంటుంది. ‘మగపిల్లలకు మాటలు ఆలస్యమేలే’ అని నానమ్మ, ‘వాళ్ళ మేనమామకూ నాలుగేళ్ళకు గానీ రాలేదు’ అని అమ్మమ్మ. వస కొమ్ము అరగదీసి నాలుకకు రాయడమూ అయిపోతుంది, గుళ్ళో మొక్కులూ అయిపోతాయి. ఆటిజం అన్న మాట డాక్టరు నోటి నుంచి వినేసరికి రెండేళ్ళు గడిచిపోతాయి. అప్పుడు కొట్టుకుపోయేవాడికి గడ్డిపోచ దొరికినట్టు ఆ వీడియో దొరుకుతుంది.

డాల్ఫిన్ థెరపీ పుట్టింది కూడా ఇలాంటి కుటుంబాల్లోనే. 1970ల మొదట్లో ఫ్లోరిడాలో బెట్సీ స్మిత్ అనే మానవ శాస్త్రవేత్త, మానసిక ఎదుగుదల లోపం ఉన్న తన సోదరుణ్ణి డాల్ఫిన్లున్న నీళ్ళలోకి దింపింది. దుందుడుకుగా ఉండే ఆ జంతువులు అతని దగ్గర నెమ్మదించాయని ఆమెకు అనిపించింది. దాంతో ఆటిజం ఉన్నవాళ్ళతో ఏళ్ళ తరబడి పనిచేసింది. అదే ఫ్లోరిడాలోని కీ లార్గోలో డీనా హోగ్లాండ్ అనే తల్లిది మరో కథ. మూడేళ్ళ కొడుక్కి గుండె ఆపరేషన్ జరుగుతుండగా పక్షవాతం వచ్చి ఎడమ వైపు పడిపోయింది. ఫాంజీ అనే డాల్ఫిన్‌తో ఆడుతూ ఆ పిల్లాడు కోలుకున్నాడని ఆమె నమ్మకం. 1997లో ఆమె ‘ఐలాండ్ డాల్ఫిన్ కేర్’ అనే సంస్థనే పెట్టింది. ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. ఆ పిల్లాడిది పక్షవాతం, ఆటిజం కాదు. ఇలాంటి కథలు నోటా నోటా దాటేటప్పుడు మొదట రాలిపోయేది ఈ తేడాయే.

డాల్ఫిన్ థెరపీని పద్ధతి ప్రకారం చేసి చూపించిన మనిషి డేవిడ్ నాథన్సన్ అనే సైకాలజిస్టు. ఆయన కిటుకు చాలా సులువు. గట్టు మీద థెరపిస్టు బొమ్మ చూపించి ‘ఇదేంటి?’ అని అడుగుతాడు. పిల్లాడు చెబితే డాల్ఫిన్‌ను ముట్టుకోవచ్చు, దాంతో ఈదవచ్చు. చెప్పకపోతే లేదు. అంటే డాల్ఫిన్ మందు కాదు, బహుమతి! మన బడుల్లో టీచరమ్మ ఇచ్చే చాక్లెట్ చేసే పనీ అదే. ఆ నాథన్సనే తర్వాత యంత్రంతో కదిలే బొమ్మ డాల్ఫిన్‌ను నీళ్ళలో పెట్టి, తీవ్ర వైకల్యాలున్న పిల్లలతో పరీక్షించాడు. 2007లో వచ్చిన ఆ పరిశోధనలో బొమ్మ డాల్ఫిన్ అసలు దానితో సమానంగా, ఇంకా చెప్పాలంటే మిన్నగా పనిచేసిందని తేలింది. డాల్ఫిన్ థెరపీకి ఇంతకంటే ఇబ్బంది పెట్టే సాక్ష్యం దాని శత్రువులు కూడా తేలేదు.

శత్రువులంటే ముఖ్యంగా ఇద్దరు, ఎమరీ యూనివర్సిటీకి చెందిన లోరీ మారినో, స్కాట్ లిలియెన్‌ఫెల్డ్. 1998లో ఒకసారి, 2007లో మరోసారి డాల్ఫిన్ థెరపీ అధ్యయనాలను జల్లెడ పట్టారు. కొత్త చోటు, గోరువెచ్చని నీళ్ళు, సెలవుల సంబరం, రోజంతా తన మీదే దృష్టి పెట్టిన పెద్దవాళ్ళు... ఇన్ని ఉండగా పిల్లాడి నవ్వుకు కారణం డాల్ఫినేనని ఎలా చెబుతారన్నది వాళ్ళ ప్రశ్న. ఇంటికొచ్చాక ఆ మార్పు నిలిచిందని గట్టిగా నిరూపించినవాళ్ళూ లేరు. డాల్ఫిన్ పంపే అల్ట్రాసౌండ్ తరంగాలు మెదడును బాగుచేస్తాయన్న వాదననూ జర్మన్ పరిశోధకుడు కార్స్టెన్ బ్రెన్సింగ్ బృందం కొలిచి చూసింది. చికిత్సకు చాలినంత తీవ్రత గానీ, వ్యవధి గానీ కనిపించలేదు. చివరికి బెట్సీ స్మిత్ కూడా ఆ పని మానేసి, ఇది నిస్సహాయులైన మనుషులనూ డాల్ఫిన్లనూ వాడుకోవడమేనని బహిరంగంగా చెప్పింది.

మన దేశంలో ఆ కొలనులకు తావే లేదు. 1990ల చివర్లో చెన్నై దగ్గర ‘డాల్ఫిన్ సిటీ’కి బల్గేరియా నుంచి తెచ్చిన డాల్ఫిన్లు నెలల్లోనే చనిపోయాయి. 2013 మేలో కేంద్ర జూ అథారిటీ డాల్ఫినేరియాలకు అనుమతి ఇవ్వవద్దని రాష్ట్రాలకు రాసింది. కాబట్టి థెరపీ కావాలంటే విమానం ఎక్కాలి. వారం రోజుల ముచ్చటకు వేల డాలర్లు. మిర్చి రేటు పడిపోయిన ఏడాది, పొగాకు అమ్ముడుపోని ఏడాది ఆ మాట తలుచుకోవడానికే భయమేస్తుంది. అయినా బిడ్డ కోసమంటే పొలం అమ్మడానికి వెనకాడని ఊళ్ళు మనవి. డాల్ఫిన్ దాకా వెళ్ళలేనివాళ్ళ కోసం స్టెమ్ సెల్ చికిత్స అంటూ నగరాల్లో ఇంకో అంగడి తెరుచుకుంది. ఆటిజానికి దాన్ని సిఫార్సు చేయలేమని జాతీయ వైద్య కమిషన్ ఎథిక్స్ బోర్డు 2022లోనే తేల్చింది.

మరి పనికొచ్చేది ఏది? ఆ జవాబు కోసం ఫ్లోరిడా వెళ్ళక్కర్లేదు, గోవా చాలు. అక్కడా, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ కలిపి 65 మంది ఆటిజం పిల్లలతో ‘పాస్’ అనే అధ్యయనం జరిగింది. 2016లో లాన్సెట్ సైకియాట్రీలో ఫలితాలు వచ్చాయి. స్పెషలిస్టులు కాదు, శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలే తల్లిదండ్రులకు నేర్పారు. అమ్మ, బిడ్డ ఆడుకుంటుంటే వీడియో తీయడం, దాన్నే అమ్మకు చూపించడం, ఎక్కడ బాగుందో మాట్లాడుకోవడం. పిల్లాడు బొమ్మ కారు తిరగేసి చక్రం తిప్పుతూ కూర్చున్నాడనుకోండి. ‘ఇదేంటి? ఏం రంగు? చెప్పు నాన్నా!’ అని పరీక్ష పెట్టడం మన అలవాటు. అది మాని పక్కన కూర్చుని ‘తిరుగుతోంది... తిరుగుతోంది... ఆగింది’ అని ఊరుకుంటే, కాసేపటికి వాడే తలెత్తి చూసే అవకాశం ఉంది. ఆ చూపు కోసం తొందరపడకుండా ఆగడమే నేర్చుకోవాల్సిన విద్య. గోవా, రావల్పిండి పిల్లలు అన్ని కొలతల్లోనూ మెరుగుపడలేదు. కానీ అమ్మానాన్నలతో తామై మొదలుపెట్టే సైగలు, పలకరింపులు పెరిగాయి.

నీళ్ళంటే ఆ పిల్లల్లో చాలామందికి ప్రాణం. పాకల తీసుకెళ్తే అలలు చూసి గంతులేస్తారు. అది ఆనందమే, ఎందుకు కాదనాలి? కానీ సంతోషంగా వచ్చి అలలకు బలైపోయిన కుటుంబాలను ఆ తీరం చూసింది. ఆటిజం ఉన్న పిల్లలకు ఆ ప్రమాదం మరీ ఎక్కువ. 14 ఏళ్ళ లోపు వాళ్ళు మునిగి చనిపోయే అవకాశం మిగతా పిల్లల కంటే 160 రెట్లని కొలంబియా యూనివర్సిటీ పరిశోధకులు 2017లో అమెరికా లెక్కలు చూసి చెప్పారు. ఆటిజం అని తెలియగానే ఈత నేర్పించమన్నది వాళ్ళ సలహా. మన దగ్గర చెరువులు, కాలవలు, మూత లేని సంపులు ఇంటింటి చుట్టూ ఉన్నాయి గనుక ఆ సలహా మనకు ఇంకా ఎక్కువ వర్తిస్తుంది.

ఇక చేయాల్సిన పని. ఏడాదిన్నర నిండిన బిడ్డ పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, కావాల్సినదాన్ని వేలితో చూపించకపోయినా, వచ్చిన మాటలు పోయినా, మూడేళ్ళ దాకా చూద్దాంలే అనుకోవద్దు. ముందు చెవులు పరీక్ష చేయించి పిల్లల డాక్టరుకు చూపించండి. సికింద్రాబాద్‌లోని ఎన్ఐఈపీఐడీ మేధో వైకల్యాలున్నవాళ్ళ కోసం ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ. సింగరాయకొండకు అంతకంటే దగ్గర నెల్లూరు, అక్కడ వికలాంగుల కోసం కాంపోజిట్ రీజినల్ సెంటర్ ఉంది. బడి వయసు వచ్చాక, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం గురించి మండల విద్యాశాఖ ఆఫీసులో అడగండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి కాబట్టి వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేయవచ్చు. నేషనల్ ట్రస్ట్ నడిపే ‘నిరామయ’ బీమాలో ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్యానికి, థెరపీకి వస్తుంది. నెల్లూరు రైళ్ళు సింగరాయకొండ మీదుగానే వెళ్తాయి.