యంత్రమునకు అక్షరాభ్యాసము

ప్రొద్దుటూరునకు సమీపముననున్న కలమళ్ళ గ్రామమున ఒక శిలాశాసనము కలదు. రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు క్రీ.శ. 575 ప్రాంతమున వేయించిన ఆ శాసనమే ఇంతవరకు లభించిన తెలుగు శాసనములలో మొదటిదని చరిత్రకారులు పలువురు చెప్పుదురు. పదునాలుగు శతాబ్దుల ఎండవానలకు దాని అక్షరములు కొన్ని చెరిగిపోయినవి. మిగిలినవానిని చదువుటకైనను ప్రాచీనలిపి నేర్చిన కన్ను కావలెను. అట్టి కన్ను యంత్రమునకు అమర్చవచ్చునా? అమర్చువారెవరు? ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పాఠశాలలలో నేడు చదువుచున్న బాలబాలికలకు ఇది కేవలము కుతూహలముతో అడుగు ప్రశ్న కాదు. వారి జీవనోపాధికి సంబంధించిన ప్రశ్న.

కన్ను చూచునది వేరు, యంత్రము చూచునది వేరు. నలుపుతెలుపుల ఛాయాచిత్రము కంప్యూటరునకు అంకెల పట్టిక మాత్రమే. చిత్రమును సూక్ష్మమైన గడులుగా విభజించి, నల్లని గడికి 0, తెల్లని గడికి 255, నడిమి ఛాయలకు నడిమి సంఖ్యలు కేటాయింతురు. ఆ సంఖ్యల రాశినుండి ఇది చెట్టు, ఇది మనిషి, ఇది ‘అ’ అని తేల్చుటయే యంత్రదృష్టి. కృత్రిమ మేధ అను శాస్త్రమున ఇది యొక శాఖ. 1966లో అమెరికాలోని ఎం.ఐ.టి. యందు సీమోర్ పాపర్ట్ ఈ పనిలో గణనీయమైన భాగమును ఒక్క వేసవిలో విద్యార్థులచే సాధింపజేయవచ్చునని పథకము వేసినాడు. ఆ వేసవి ఏనాడో గడచినది. పని ఇంకను సాగుచునే యున్నది. పసిబిడ్డ అవలీలగా చేయు పని యంత్రమునకు ఎంత దుష్కరమో దీనివలన తెలియును.

అందును తెలుగు లిపి కఠినమైన పరీక్ష. ‘ద’కును ‘ధ’కును గల భేదము క్రింది చిన్న గీత మాత్రమే. ఆ గీత మాసిపోయినచో ‘ధనము’ కాస్తయు ‘దనము’ అగును. గుణింతములు, ఒత్తులు కలియగా ఏర్పడు రూపములు పదివేల వరకు ఉండునని పరిశోధకుల అంచనా. 1977లోనే రాజశేఖరన్, దీక్షితులు అను శాస్త్రజ్ఞులు ముద్రితమైన తెలుగు అక్షరమును మూలరేఖలుగా విడదీసి గుర్తించు పద్ధతిని ప్రకటించినారు. 2001లో హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు చెందిన అతుల్ నేగి, చక్రవర్తి భగవతి ప్రభృతులు మరియొక యుక్తి పన్నినారు. ‘ప’ అను అక్షరమున తలకట్టు క్రింది భాగమునకు తగులక విడిగా నుండును గదా! అట్లే ఒకదానికొకటి తగులని సిరా తునకలుగా అక్షరములను విడదీసినచో, పదివేల రూపములకు బదులు 370 తునకలను గుర్తించిన చాలును. ఈ విధమున నూటికి సుమారు 92 పాళ్ళు సరిగా చదువగలిగినట్లు వారు ప్రకటించినారు. వేయి గుర్తులున్న పుటలో ఎనుబది తప్పులన్నమాట. ఆ యుక్తికి గణితమెంత అవసరమైనదో, తెలుగు వ్రాత తీరును ఎరిగియుండుటయు అంతే అవసరమైనది.

తరువాత వచ్చిన మార్గము బడిపిల్లలకు నేర్పు మార్గము వంటిదే: నియమములు చెప్పుటకు మారుగా ఉదాహరణములు చూపుట. 1989లో యాన్ లెకూన్ బృందము ఉత్తరములపై చేతితో వ్రాసిన తపాలా అంకెలను ఈ రీతిగా యంత్రమునకు నేర్పినది. 2009లో ఫేఫే లీ బృందము ఇమేజ్‌నెట్ అను చిత్రభాండారమును వెలువరించినది. క్రమముగా అది కోటి నలుబది లక్షల చిత్రములకు పెరిగినది. ప్రతి చిత్రము చూచి ‘ఇది పిల్లి, ఇది పడవ’ అని గుర్తు పెట్టినవారు మనుష్యులే. ఆ చిత్రములతో నడచిన పోటీలో 2012లో జెఫ్రీ హింటన్, ఆయన శిష్యులు రూపొందించిన యంత్రము తక్కినవానిని బహుదూరము వెనుకకు నెట్టినది. హింటనునకు 2024లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమతి జాన్ హాప్‌ఫీల్డుతో కలిపి లభించినది. యంత్రమునకు కన్ను వచ్చుట నిజమే. కాని ఆ కంటికి పేర్లు నేర్పినది మనిషి.

ఈ విద్యకు కావలసిన పనిముట్లు నేడు వెలలేకయే లభించుచున్నవి. పైథాన్ అను కంప్యూటరు భాష, చిత్రములను సంస్కరించు ఓపెన్ సీవీ, యంత్రమునకు శిక్షణనిచ్చు టెన్సర్‌ఫ్లో, పైటార్చ్ ఎవరైనను ఉపయోగింపవచ్చును. 2005లో అందరికిని విడుదలయైన టెస్సరాక్ట్ నేడు తెలుగు అచ్చును కూడ చదువును. ఉపాధ్యాయులు ఒక చిన్న ప్రయోగము చేయింపవచ్చును: వాచకములోని ఒక పుటను ఫోనుతో చిత్రించి, టెస్సరాక్టుచే చదివించి, తప్పులను విద్యార్థులచే ఎంచింపవలెను. ఏ అక్షరమునకు బదులు ఏ అక్షరము వచ్చినదో పట్టిక వేసిన బాలునకు లిపిజ్ఞానము, గణాంకము, యంత్రపు బలహీనత ఒక్క గంటలో బోధపడును.

పైచదువులకును ఈ సీమలో అవకాశము లేకపోలేదు. ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాల, పులివెందులలో 2006 నుండి సాంకేతిక విశ్వవిద్యాలయపు కళాశాల ఉన్నవి. పులివెందులకు అనతిదూరమున ఇడుపులపాయలో, 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు ప్రాంగణము కలదు. పదవ తరగతి ముగించిన గ్రామీణ విద్యార్థులకు అక్కడ ఆరేండ్ల చదువు చెప్పుదురు. ఆ విశ్వవిద్యాలయమునకు తొలి కులపతి రాజ్ రెడ్డి. నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరు అను పల్లెలో 1937లో పుట్టి, గిండి కళాశాలలో చదివి, యంత్రమునకు మాట వినుట నేర్పిన శాస్త్రజ్ఞుడై, 1994లో ట్యూరింగ్ పురస్కారమును ఎడ్వర్డ్ ఫీగెన్‌బామ్‌తో కలసి అందుకొన్న తెలుగువాడు ఆయన.

ఉద్యోగముల విషయమున ఆశతోపాటు వివేకమును ఉండవలెను. చిత్రములకు గుర్తులు పెట్టు పని మొదటి మెట్టు. అది సులభముగా నేర్వదగినది; కాని యంత్రములే దానిని క్రమముగా చేపట్టుచున్నవి గనుక అక్కడ ఆగుట క్షేమము కాదు. కర్మాగారములలో వస్తువుల లోపములను పట్టుట, కంటి లోపలి చిత్రములలో మధుమేహపు ఛాయలను కనిపెట్టుట, ఉపగ్రహ చిత్రములలో పైరులను గుర్తించుట మొదలగు పనులకు ఇంజనీర్లు కావలెను. వారికి బీజగణితము, సంభావ్యతాశాస్త్రము, కలనగణితము పునాదులు. పనిముట్లు ఏటేట మారును; ఈ పునాదులు మారవు. ఇందుకు మార్గములును ఏర్పడుచున్నవి. హైదరాబాదు ఐ.ఐ.టి. 2019లో కృత్రిమ మేధయందు బి.టెక్. పాఠ్యక్రమమును ప్రారంభించినది, గేట్ పరీక్షలో 2024 నుండి ఈ విషయమున ప్రత్యేక పత్రము చేరినది.

అయినను గణితమొక్కటియే చాలదు. అరటియాకుపై మచ్చ తెగులు వలన వచ్చినదో, ఎండదెబ్బ వలన వచ్చినదో పులివెందుల రైతుబిడ్డ చెప్పగలడు. గండికోట రాతిపైనున్నది గీతయో, పగులో జమ్మలమడుగు బాలుడు దగ్గరకు పోయి చూడగలడు. ఒత్తు ఏదో, మరక ఏదో తెలుగు చక్కగా చదువుకొన్న ప్రొద్దుటూరు బాలిక తేల్చగలదు. ఇట్టివారు పూనుకొననిచో, తెలుగు తెలియనివారు ఎక్కడనో కూర్చుండి పెట్టిన గుర్తులనే యంత్రము నమ్మును. ఆ తప్పులే మరల మన బిడ్డలకు పాఠములై వచ్చును. లెక్కల ఉపాధ్యాయుడును తెలుగు పండితుడును ఒకే బల్లకడ కూర్చుండి ఆ ప్రయోగమును పాఠశాలలో ఆరంభింతురుగాక! కలమళ్ళ రాయి అందాక వేచియుండును. కాని ఎండవానలు ఆగవు.