రాగిబిళ్లలు చెప్పు కథ

పాతనాణెములు కూర్చువారు బంగారు మొహరీలకే ఆశపడుదురని మన మనుకొందుము. కాని యింగ్లండు నాణెములను సేకరించువారు కొందఱు, ఏ రాజును ముద్రింపని రాగిబిళ్లలను పెన్నిధివలె దాచుకొందురు. వాని కథ వినదగినది.

1775 పిమ్మట 1797 వఱకు ఆ దేశపు ప్రభుత్వము కొత్త రాగినాణెములను వేయింపలేదు. కూలివానికి జీత మిచ్చుటకును, ఇల్లాలు రొట్టె కొనుటకును చిల్లర కఱవయ్యెను. 1787లో ఆంగ్లిసీ ద్వీపమందలి పారిస్ గని కంపెనీవారు తమ రాగితో తామే పెన్నీలు కొట్టించిరి. అది చూచి యూరూర వర్తకులును తమ పేళ్లతో బిళ్లలు వేయించిరి. వీనికే టోకెనులని పేరు.

ఈ చిల్లరచేత రాజకీయము పలికించినవాడు థామస్ స్పెన్స్. 1750లో న్యూకాసిలునందు పుట్టిన యీ పేదవాడు లండనులో పుస్తకము లమ్ముచు, భూమి గ్రామస్థులందఱి యుమ్మడి సొత్తని బోధించెను. బర్కు పండితుడు సామాన్యజనులను పందులతో పోల్చగా, ఆ నిందనే చేకొని 1793లో ‘పందుల మేత’ యను పత్రికను వెలువరించెను. 1794లో దొరతనమువా రాతనిని విచారణ లేకయే యేడు నెలలు చెఱనుంచిరి. విడుదలయైన పిదప నాతడు తన భావములను రాగిపై నచ్చొత్తించెను. ఒక బిళ్లపై రెండుజతల గంపలు మోయు గాడిద కలదు. ఒక జత కౌలు, రెండవది పన్ను! చదువురానివారికిని ఆ బొమ్మ బోధపడును. కాగితమును కాల్పవచ్చును గాని చేతులు మాఱు కాసును కాల్చు టెట్లు?

అచ్చొత్తువాడైన డేనియల్ ఐజక్ ఈటన్, రాజద్రోహపు నేరమునుండి విడుదలయై, 1795 నాటి తన బిళ్లపై ‘ప్రజాప్రభువుల ముద్రాపకుడ’నని చాటుకొనెను.

చెప్పులు కుట్టి జీవించిన థామస్ హార్డీ, సామాన్యులకు వోటు కోరిన సంఘమునకు కార్యదర్శి. 1794 నవంబరు 5న నాతడు నిర్దోషి యని తేలగా, ఆ సంతోషమున టోకెనులు వెలసెను. ఒకదానిపై జూరీసభ్యుల పేళ్లు సైతము కలవు. కాని యాతడు చెఱలో నుండగా అల్లరిమూక యింటిపై బడినప్పుడు, నిండుచూలాలగు భార్య లిడియా వెనుకకిటికీనుండి తప్పించుకొనెను. ఆగస్టులో ఆమెయు, కడుపులోని బిడ్డయు కడతేఱిరి. ఆ బిళ్లపై ఆమె పేరు లేదు.

1797లో స్పెన్స్ ‘శిశువుల హక్కులు’ అను పుస్తకము వ్రాసి, అందు ఒక తల్లిచేతనే వాదింపజేసెను. పురుషులు చేయనిచో గ్రామభూముల కౌలుసొమ్మును స్త్రీల సంఘములే వసూలుచేసి పంచునని యామె పలుకును.

కావున, పాతకాసు చేత బడినప్పుడు దాని వెల యెంతయని మాత్రమే యడుగరాదు. రెండువైపుల త్రిప్పి, ఎవరి పేరున్నదో చదువుడు. ఎవరి పేరు లేదో తలపోయుడు.