ఉదయగిరి కొయ్య పనితనము

ఉదయగిరి కొయ్య పనితనము ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రములోని శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా పశ్చిమ భాగమున, ఉదయగిరిలో వాడుకలో ఉన్న ఒక హస్తకళ. చెక్కతో చెంచాలు, ఫోర్కులు, గరిటెలు, దువ్వెనలు, పళ్ళెములు చేయుటకు ఈ ఊరు ప్రసిద్ధి. 1999 నాటి భౌగోళిక సూచికల చట్టము క్రింద ఈ చెక్క చెంచాలకు 2010వ దశకములో గుర్తింపు లభించినది. చుట్టుప్రక్కల కొండలలో దొరికే కర్రను ఎరిగి ఎంచుకొనుటయే ఈ పనికి మూలము. అదే తెలివి చేతికర్ర చేసుకొనుటకు, పాత కత్తికి కొత్త పిడి వేసుకొనుటకు కూడా పనికి వస్తుంది.

ఉదయగిరి కొండలు

ఉదయగిరి నెల్లూరు పట్టణానికి వాయవ్య దిశలో ఉన్నది. నెల్లూరు నుండి సంగం, ఆత్మకూరుల మీదుగా ఇక్కడికి చేరవచ్చును. ఊరికి ఆనుకొని ఉన్న దుర్గము సముద్రమట్టానికి 3079 అడుగుల ఎత్తు కలది. గజపతుల ఆధీనములో ఉన్న ఈ దుర్గమును శ్రీకృష్ణదేవరాయలు చాలాకాలము ముట్టడించి 1514లో జయించెను. పడమట నెల్లూరు, కడప ప్రాంతములను వేరుచేయుచు వెలికొండలు సాగుతాయి.

ఈ ప్రాంతమునకు ఈశాన్య ఋతుపవనాలే ముఖ్యాధారము. అక్టోబరు నుండి డిసెంబరు వరకు వానలు కురుస్తాయి. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అందుచేత కొండ నడకకు డిసెంబరు చివర నుండి ఫిబ్రవరి వరకు అనువైన కాలము. నీరు తక్కువగా దొరికే నేల కావడముతో ఇక్కడి చెట్లు నెమ్మదిగా పెరుగుతాయి. అనేక జాతుల కర్ర సన్నని పోగుతో, బరువుగా, గట్టిగా ఉంటుంది. ఈ గుణమే చెంచాకు, పిడికి కావలసినది.

వాడే కర్రలు

ఉదయగిరి పనివారు వాడే కర్రలలో నర్ది, బిక్కి, కల్ది, పాలబరికె అనునవి ముఖ్యమైనవిగా చెప్పబడతాయి. వీటిలో బిక్కి గార్డీనియా ప్రజాతికి చెందినది. దీని జిగురునే చిట్టి ఇంగువ అంటారు. ఈ కర్రకు పోగు చాలా సన్నము గనుక దువ్వెన పళ్ళు కోసినను సులభముగా విరగవు.

ఈ అడవులలో దేవదారి అను మరొక చిన్న చెట్టు కూడా పెరుగుతుంది. పేరును బట్టి దీనిని హిమాలయములలోని దేవదారుగా పొరపడరాదు. హిమాలయ దేవదారు సూదుల వంటి ఆకులు గల మహావృక్షము. ఇక్కడి దేవదారి ఎర్రని, సువాసన గల చేవ కలిగిన పొట్టి చెట్టు.

ఎర్రచందనము కూడా ఈ కొండల చెట్టే. తూర్పు కనుమల దక్షిణ భాగములో తప్ప ప్రపంచములో మరెక్కడా సహజముగా పెరగని ఈ చెట్టును అనుమతి లేక నరుకుట, దాని దుంగలను తరలించుట నేరము. 1995 నుండి ఇది అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో కూడా ఉన్నది. చేతికర్రకో పిడికో చిన్న ముక్కే కదా అని దీనిని కొట్టినను తప్పే.

కర్రను ఆరబెట్టుట

కొయ్య పనిలో వచ్చే చిక్కులలో ఎక్కువ భాగము పచ్చికర్ర వలన కలుగుతాయి. కర్ర ఆరుచున్నప్పుడు పొడవులో దాదాపు తగ్గదు, అడ్డముగా మాత్రము కుంచించుకొనిపోతుంది. అందులోను వలయముల వెంబడి తగ్గుదల, నడిమి నుండి బెరడు వైపునకు ఉండే తగ్గుదలకు సుమారు రెండింతలు. ఈ తేడా వలననే గుండ్రని కర్ర నెర్రెలు విచ్చును. పచ్చికర్రతో వేసిన పిడి కొన్ని నెలలకే వదులై, కత్తి ఊడివచ్చును.

దీనికి విరుగుడు ఓర్పే. కర్ర కోసిన వెంటనే రెండు కొనలకు మైనము పూసి, ఎండ తగలని చోట, గాలి ఆడునట్లు నేలకు ఎత్తుగా పేర్చాలి. కొనల నుండి తేమ త్వరగా పోకుండా మైనము ఆపుతుంది. అంగుళము మందము గల కర్రకు సుమారు ఒక సంవత్సరము పట్టునని సాధారణముగా లెక్కిస్తారు. పిడికి తీసుకొనే ముక్కలో కర్ర నడిమి బెండు భాగము ఉండరాదు. పగులు అక్కడి నుండే మొదలవుతుంది.

చేతికర్ర

కర్ర లేనివాణ్ణి గొర్రె అయినా కరుస్తుందని తెలుగు సామెత. గొర్రెల పెంపకానికి పేరుపొందిన నెల్లూరు జిల్లాలో ఈ మాట మరింత అతుకుతుంది. నెల్లూరు జాతి గొర్రెలు దేశమంతటా తెలిసినవి. గొర్రెల కాపరి చేతిలో కర్ర మందను మళ్ళించుటకు, పొదలను కదిలించి పామును అదలించుటకు, రాళ్ళ మీద అడుగు నిలుపుటకు పనికివస్తుంది. కొమ్మను వంచి ఆకు కోయుటకు కొనలో కొక్కి గల పొడవైన దోటిని వాడతారు.

చేతికర్రకు లోపల బోలు లేని గట్టి వెదురు మేలైనది. తేలికగా ఉండి, వంగునే గాని సులభముగా విరగదు. లాఠీలు చేయునది కూడా ఈ జాతితోనే.

సమతల నేల మీద ఊతగా వాడే కర్ర పొడవు, మనిషి నిటారుగా నిలిచి చేతిని క్రిందికి వదలినప్పుడు మణికట్టు ముడత ఎంత ఎత్తున ఉండునో అంత ఉండాలి. అప్పుడు మోచేయి కొద్దిగా మాత్రమే వంగుతుంది. ఒక కాలు నొప్పిగా ఉన్నవారు కర్రను దానికి ఎదుటి వైపు చేతితో పట్టుకొనవలెను. చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకొందురు గాని అది సరి కాదు. కొండ నడకకు కర్ర ఇంకా పొడవుగా, మోచేయి లంబకోణములో వంగునంత ఉండాలి. కొండ దిగునప్పుడు మోకాళ్ళ మీద పడే భారమును ఇది తగ్గిస్తుంది.

కర్ర అడుగు కొన రాళ్ళకు తగిలి చీలిపోకుండా ఇనుప లేదా ఇత్తడి కట్టు వేస్తారు. రోకలికి వేసినట్లే దీనిని కూడా పొన్ను అంటారు. నున్నని గచ్చు మీద నడిచేవారు పొన్నుకు బదులు రబ్బరు తొడుగు వేసుకొనుట మంచిది.

కత్తికి పిడి వేయుట

కత్తి అలుగు పిడి కంటె ఎక్కువ కాలము నిలుస్తుంది. తాతల నాటి మచ్చుకత్తి పిడి మాత్రము మార్చుకొని మనుమల చేతిలో పనిచేయుట పల్లెలలో సాధారణము. పిడులు రెండు విధములు. కొడవలి, మచ్చుకత్తి వంటి వాటిలో అలుగు వెనుక భాగము సన్నని తోకగా సాగి పిడి లోపలికి దూరుతుంది. రెండవ విధములో వెడల్పాటి తోకకు ఇరువైపుల రెండు చెక్కలు ఉంచి రివిట్లు కొడతారు.

మొదటి విధము పిడి వేయునప్పుడు ముందుగా అలుగును మందపాటి గుడ్డతో చుట్టాలి. పాత పిడిని ఊడదీయునప్పుడు గాయములు తగులవచ్చును. తరువాత పోగు నిలువుగా ఉన్న ఎండిన ముక్కను తీసికొని తోక కంటె సన్నని రంధ్రము బరమాతో వేస్తారు. పిడి ముందు భాగమునకు పొన్ను తొడిగి, కొలిమిలో కాల్చిన తోకను రంధ్రములోనికి దింపుతారు. కాలిన తోక తనకు సరిపడు దారిని తానే చేసుకొంటుంది. చల్లారిన పిమ్మట లక్కను కరిగించి పోసి బిగిస్తారు. ఇప్పుడు లక్కకు బదులు ఎపాక్సీ జిగురు కూడా వాడుచున్నారు.

తోకను కాల్చునప్పుడు అలుగుకు తడి గుడ్డ చుట్టుట తప్పనిసరి. అలుగు నీలిరంగుకు తిరిగినదంటే పదును నిలిపే గట్టిదనము తగ్గినదని గుర్తు. లక్క వేసిన కత్తిని పొయ్యి ప్రక్కన ఉంచరాదు. వేడికి లక్క మెత్తబడి పిడి వదులగును.

ఈ పని ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలసి చేసుకొనుటకు తగినది. ఒకరు పిడిని పట్టుకొనగా మరొకరు రంధ్రము వేయుట సులభము. చివరగా ఆకురాయితో, గరుకు కాగితముతో నునుపు చేసి నూనె పట్టిస్తారు. అవిసె నూనె గాలికి గట్టిపడి పూతగా నిలుస్తుంది. ఆముదము అట్లు ఆరదు గనుక పిడి జిడ్డుగా జారుచుండును. పూర్తయిన కత్తిని పిడి ఎదుటివారి వైపు ఉంచి అందించవలెను.

చట్టము

రిజర్వు అడవిలో చెట్టు కొట్టుటయే కాక, రాలిన కర్రను తెచ్చుకొనుటకు కూడా అటవీ శాఖ అనుమతి అవసరము. 1967 నాటి ఆంధ్ర ప్రదేశ్ అటవీ చట్టము దీనికి ఆధారము. ఆయుధ నియమముల ప్రకారము 9 అంగుళముల కంటె పొడవు లేదా 2 అంగుళముల కంటె వెడల్పు గల అలుగు ఆయుధముగా లెక్కకు వస్తుంది. వంట, వ్యవసాయము మొదలగు పనులకు చేసిన కత్తులకు ఇది వర్తించదు. లోపల కత్తి దాచిన చేతికర్ర, అనగా గుప్తి, ఆయుధమే.

కళ, అడవి

ఉదయగిరి చెంచాల పనిలో స్త్రీలు ఎక్కువగా ఉన్నారు. ఇంటి పట్టున ఉండి సంపాదించుకొనుటకు వారికి ఇది ఆధారము. యంత్రముతో చేసిన స్టీలు, ప్లాస్టిక్ వస్తువుల పోటీ ఒకవైపు, కర్ర కొరత మరొకవైపు ఈ పనిని ఒత్తిడికి గురిచేస్తాయి. భౌగోళిక సూచిక పేరును కాపాడగలదు గాని కర్రను పెంచలేదు.

చేతికర్రకు అందరూ కోరుకొనునది నిటారుగా పెరిగిన లేత మొక్క. రేపు చెట్టు కావలసినది కూడా అదే. దానిని మొదలంటా నరికితే ఒక చెట్టు పోవును. నరికిన మొదలు నుండి గుంపుగా వచ్చిన పిలకలలో ఒకటి రెండు తీసి మిగిలినవి ఉంచితే చెట్టు బ్రతుకుతుంది. పట్టా భూముల గట్ల మీద వెదురు, బిక్కి వంటివి పెంచుకొనుట వలన అడవి మీద భారము తగ్గును. ఉన్న కత్తికే కొత్త పిడి వేసుకొనుట, విరిగిన చేతికర్రను కోసి చిన్న పిడిగా మలచుకొనుట కూడా ఈ పొదుపులో భాగమే.