మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్లు: కూల్చివేయడమా, చక్కదిద్దుకోవడమా?

విజ్ఞానశాస్త్రం నానాటికీ పురోగమిస్తున్న ఈ యుగంలో పాత యంత్రాన్ని తొలగించి కొత్తదానిని నెలకొల్పడమే అభివృద్ధి అని పలువురి అభిప్రాయం. కంప్యూటర్ల విషయంలో ఈ అభిప్రాయం ఎంతవరకు సమంజసమో పరిశీలించడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

ఒకేసారి వేలాదిమంది జరిపే లావాదేవీలను, ఒక్క అంకె కూడా తప్పిపోకుండా, రేయింబవళ్లు నమోదు చేయడానికి నిర్మించిన పెద్ద కంప్యూటరును మెయిన్‌ఫ్రేమ్ అంటారు. బ్యాంకులు, బీమా సంస్థలు, ప్రభుత్వ శాఖలు దీనిని ఆశ్రయించాయి. 1964 ఏప్రిల్ 7న ఐ.బి.ఎం. సంస్థ సిస్టమ్/360 అనే యంత్ర కుటుంబాన్ని ప్రకటించింది. అంతకు పూర్వం యంత్రాన్ని మార్చినప్పుడు తరచుగా ప్రోగ్రాములను కూడా తిరిగి రాసుకోవలసి వచ్చేది. ఈ కుటుంబంలో చిన్న యంత్రానికి రాసిన ప్రోగ్రామును పెద్ద యంత్రంపై కూడా నడపవచ్చు. తరువాతి తరాల యంత్రాలు సైతం ఈ నియమాన్ని పాటించాయి. కనుక నేటి మెయిన్‌ఫ్రేమ్ పాత యంత్రం కాదు. పాతవి దానిపై నడిచే ప్రోగ్రాములు.

ఈ ప్రోగ్రాములలో అనేకం కోబాల్ భాషలో ఉన్నాయి. 1959లో రూపకల్పన ప్రారంభమైన ఈ భాషకు గ్రేస్ హాపర్ కృషి పునాది. వడ్డీ లెక్కలు, పింఛను నిబంధనలు, పన్నుల సవరణలు దశాబ్దాల తరబడి ఈ ప్రోగ్రాములలో చేరుతూ వచ్చాయి. రాసినవారు పదవీ విరమణ చేశారు; వివరణ పత్రాలు చాలాచోట్ల లేవు. ఒక నిబంధన ఎందుకు ఉన్నదో ప్రోగ్రాము తప్ప చెప్పేవారు లేరు. అసలు చిక్కు ఇదే.

ఆ రోజుల్లో జ్ఞాపకశక్తి ఖరీదైనది కావడంతో సంవత్సరాన్ని రెండు అంకెలతోనే రాసేవారు. 2000 సంవత్సరం సమీపించగా ఆ పొదుపే పెద్ద సమస్య అయింది. దానిని సరిదిద్దే పనిమీద ఎందరో తెలుగు యువకులు అమెరికా వెళ్లారన్నది మనకు తెలిసిన విషయమే.

పాతదానిని ఒక్కసారిగా మార్చబూనితే ఏమవుతుంది? బ్రిటన్‌లోని టి.ఎస్.బి. బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఒక్క వారాంతంలో సుమారు 50 లక్షల ఖాతాదారుల వివరాలను కొత్త వ్యవస్థకు తరలించింది. తగిన పరీక్షలు పూర్తికాకపోవడంతో దాదాపు 19 లక్షలమంది తమ ఖాతాలను చూసుకోలేకపోయారు. నియంత్రణ సంస్థలు 2022లో 4 కోట్ల 86 లక్షల పౌండ్లకు పైగా జరిమానా విధించాయి.

అలాగని చేతులు ముడుచుకొని కూర్చోవడమూ క్షేమం కాదు. 2020 ఏప్రిల్‌లో కరోనా వల్ల ఉపాధి కోల్పోయినవారి దరఖాస్తులు వెల్లువెత్తినప్పుడు, అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్ర గవర్నరు కోబాల్ తెలిసినవారు సహాయానికి రావాలని బహిరంగంగా కోరవలసి వచ్చింది.

కాబట్టి మధ్యేమార్గమే శ్రేయస్కరమని మా అభిప్రాయం. చెరువుకు మరమ్మతు కావాలని కట్టను తెగగొట్టుకునే రైతు ఉండడు. తూము తరువాత తూమును బాగుచేసుకుంటాడు. ఇక్కడా అంతే. మొదట పాత ప్రోగ్రాములను చదివి, వాటిలోని నిబంధనలను గ్రంథస్థం చేయాలి. పిదప కొత్త సేవలు పాత వ్యవస్థతో సంభాషించేందుకు అనుసంధాన ద్వారాలు ఏర్పరచాలి. ఒక్కొక్క భాగాన్ని కొత్తగా నిర్మించి, పాతదానితోపాటు కొంతకాలం నడిపి, రెండింటి ఫలితాలూ ఏకీభవించిన తరువాతనే పాత భాగానికి సెలవివ్వాలి. భారీ లావాదేవీలు మెయిన్‌ఫ్రేమ్‌పైనే నిలిచినా దోషం లేదు. ఏ పనికి ఏ యంత్రం తగునో నిర్ణయించుకోవడమే వివేకం.

విద్యార్థి మిత్రులు కొత్త భాషలను ఉత్సాహంతో నేర్చుకుంటున్నారు, సంతోషం. అయితే ఇతరులు రాసిన ప్రోగ్రామును ఓపికతో చదివి అర్థం చేసుకోవడం కూడా విద్యే. మీరు రాసే ప్రతి ప్రోగ్రామూ ఒకనాటికి పాతదవుతుంది. దానిని అందుకొనే అపరిచితునికోసం ఎందుకు రాశారో నాలుగు మాటల్లో చెప్పి ఉంచండి. ఆ యంత్రాల వెనుక ఒక వృద్ధుని పింఛను, ఒక తల్లి పొదుపు సొమ్ము ఉన్నాయని మరువరాదు. భవిష్యత్తుకు సిద్ధమైన వ్యవస్థ అంటే వచ్చే తరం అర్థం చేసుకోగల వ్యవస్థ అని మా నమ్మకం.