ఇంటి విక్రయము - దలాలి పనికి కొలత

పెండ్లికుమారుని గూర్చి పదియూళ్ల విచారించు మనము, పెద్దలు కాపురముండిన యిల్లు నమ్మిపెట్టు దలాలిని గూర్చి యొక్క ప్రశ్నయైన నడుగము. అమ్మకము ముగిసిన పిమ్మట అతనిని దూషించుటో, పొగడుటో చేసి యూరకుందుము. పని జరుగుచుండగనే దానిని కొలుచు పద్ధతి మనకింకను అలవడలేదు.

కోస్గి వంటి పట్టణములకు ఈ విచారము మిక్కిలి యవసరము. ఒకప్పుడు సాలారుజంగు ఎస్టేటులో చేరియుండి, పిదప మహబూబునగరు జిల్లాలో నుండిన యీ యూరు 2018లో పురపాలక సంఘమై, 2019లో నారాయణపేట జిల్లాలో చేరినది. పాలమూరు సీమనుండి బొంబాయి, పూనా, హైదరాబాదులకు కూలికై వలసపోయిన కుటుంబములనేకములు. ఇల్లిక్కడ, యజమాని యక్కడ. నడుమ నుండువాడు దలాలి. పాత గ్రామకంఠములోని పెక్కిండ్లకు పట్టాలుండవు. ఇంటిపన్ను రసీదులు, చిరకాలానుభవము, ఎన్నడో వ్రాసికొన్న సాదాబైనామాలు - ఇవియే ఆధారములు. ఇట్టిచోట మధ్యవర్తి మంచివాడైన మేలెంతయో, కానివాడైన కీడంత.

మొదట లెక్క చూతము. ఇరువది లక్షల యింటికి నూటికి రెండు చొప్పున దలాలీ నలుబదివేలు. అదే యిల్లు పందొమ్మిది లక్షలకు పోయినచో దలాలికి తగ్గునది రెండువేలు. యజమానికి తగ్గునది లక్ష. కావున త్వరగా తెగగొట్టుటయే దలాలికి లాభము. ఇది మనదేశపు దోషము మాత్రమే కాదు. అమెరికాలో లెవిట్, సైవర్సను అను ఆర్థికశాస్త్రజ్ఞులు షికాగో ప్రాంతమున సుమారు లక్ష యిండ్ల విక్రయములను పరిశీలించి 2008లో ప్రకటించిన దేమనగా: దలాలులు తమ సొంత యిండ్లను తొమ్మిదిన్నర దినములు ఎక్కువగా నిలిపి, నూటికి 3.7 వంతులు అధికముగా అమ్ముకొనిరి. ఇతరుల యింటికి లేని యోపిక తమ యింటికి గలిగినది.

అందుచేత ఎంత శీఘ్రముగా అమ్మెనను దానిని బట్టి దలాలిని మెచ్చరాదు. అతడు చెప్పిన ధరకు ఆధారమేమి? అదే వీధిలో ఇటీవల రిజిస్టరైన విక్రయములను చూపెనా? ఎందరిని తెచ్చి యిల్లు చూపెను? వారు చెప్పిన ధరలన్నియు యజమానికి తెలిపెనా, తనకు నచ్చినదే తెలిపెనా? బయానా పుచ్చుకొనుటకు ముందే పత్రముల లోపములను బయటపెట్టెనా? కొనువానియొద్దను దలాలీ తీసికొనుచున్నచో ఆ మాట దాచక చెప్పెనా? ఈ ప్రశ్నలకు వారమువారము సమాధానమడుగుట యజమాని హక్కు.

చట్టమును యజమానికి కొంత అండగా నున్నది. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము ప్రతినిధి యజమాని యాదేశములను పాటింపవలెను, లెక్క లప్పగింపవలెను. వేరు ఒప్పందము లేనిచో పని ముగియక ప్రతిఫల మడుగరాదు. దుర్వర్తనముతో నడపిన పనికి ప్రతిఫలమే లేదు. యజమానికి తెలియకుండ తానే కొనినచో, ఆ వ్యవహారమువలన తనకు గలిగిన లాభమును యజమాని కోరవచ్చును. 2016 నాటి రియలెస్టేటు చట్టము మాత్రము రిజిస్టరు కావలసిన కొత్త నిర్మాణములను, లేఅవుట్లను అమ్ము ఏజెంట్లకే నమోదును విధించినది. పాతయింటి నమ్మిపెట్టు ఊరిదలాలికి ఆ కట్టడి లేదు. కాబట్టి యజమాని జాగ్రత్తయే మొదటి రక్షణ.

దూరమున నున్నవారు ముఖ్యముగా గమనింపవలసిన దొకటి కలదు. సర్వాధికారపత్రము వ్రాసియిచ్చి, దానినే విక్రయమనుకొనుట ప్రమాదము. అట్టి పత్రమువలన స్వత్వము సంక్రమింపదని 2011లో సుప్రీముకోర్టు సూరజ్ ల్యాంపు వ్యాజ్యమున తీర్పుచెప్పినది. అధికారమీయక తప్పనిచో ఆ యొక్క యింటికి, కనీసపు ధరకు, నియతమైన గడువునకు పరిమితము చేయవలెను. సొమ్ము యజమాని బ్యాంకుఖాతాకే నేరుగా చేరవలెను.

న్యాయము రెండువైపుల నుండవలెను. మితిమీరిన ధర చెప్పి, అన్నదమ్ముల తగాదాను దాచి, ఇల్లు పోలేదని దలాలిని నిందించుట ధర్మము కాదు. నిజము చెప్పి పాటుపడిన దలాలికి ఒప్పుకొన్న దలాలీని బేరమాడక ఇచ్చుటయు యజమాని విధియే. షరతులన్నియు మొదటనే కాగితముపై వ్రాసికొన్నచో, తరువాత పంచాయతీలో కూర్చుండవలసిన పనియుండదు. కష్టార్జితమైన ఇల్లు పోవుచున్నప్పుడు దాని విలువయైన పూర్తిగా చేతికి రావలదా?