పెరుగు పడనివారి కోసం పుల్లని సలాడ్ రసం

బందరులోనైనా, గుడివాడలోనైనా, దివిసీమ పల్లెల్లోనైనా మన ఇళ్ళల్లో దావత్ అంటే బిర్యానీ, దాని పక్కన పెరుగు చట్నీ. గేదె పాలకు కొదవలేని డెల్టా ఇది. అయితే అదే దస్తర్‌ఖాన్ మీద పెరుగు గిన్నెను మౌనంగా పక్కవారికి జరిపేసేవారూ ఉంటారు. పాలు పడని పెద్దలు, పాలంటే ఎలర్జీ ఉన్న పిల్లలు. "కొంచెమైనా వేసుకోండి భాయ్" అని బలవంతం చేసే ముందు వారి ఇబ్బంది ఏమిటో గృహిణులు తెలుసుకోవడం అవసరం.

ఈ ఇబ్బందులు రెండు రకాలు. రెండింటినీ ఒకటిగా చూడరాదు. పాలలో లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. దానిని అరిగించే శక్తి వయసుతోపాటు చాలామందిలో తగ్గిపోతుంది. అటువంటివారికి కడుపు ఉబ్బరం, విరేచనాలు కలుగుతాయి. పాలు తోడుకునేటప్పుడు ఈ చక్కెర కొంత తగ్గుతుంది గనుక వీరిలో కొందరిని పెరుగు ఇబ్బంది పెట్టదు. ఎలర్జీ సంగతి వేరు. అది పాలలోని మాంసకృత్తులకు శరీరం తిరగబడటం. ఒక్క చెంచా పెరుగు కూడా ఒళ్ళంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం వంటి ప్రమాదం తేవచ్చు. అటువంటి బిడ్డ ఇంటికి వచ్చినప్పుడు రైతా గరిటెను సలాడ్‌లో పెట్టకండి. బిర్యానీ మాంసాన్ని కూడా మనం పెరుగులోనే నానబెడతాము కదా! ఆ మాట వడ్డించక ముందే తల్లిదండ్రులకు చెప్పాలి.

నిజానికి పెరుగు లేని సలాడ్ మనకు కొత్తేమీ కాదు. సముద్రం పక్కనే ఉన్న ఊళ్ళు మనవి. చేప తిన్న పూట పాలు, పెరుగు ముట్టరాదనే మాట మన పెద్దల నోట బలంగా ఉంది. దీనికి ఆధునిక వైద్యంలో గట్టి ఆధారం లేదు గాని, ఆ అలవాటు వల్ల ఒక మేలు జరిగింది. వేయించిన చేప పక్కన ఉల్లిపాయ చక్రాలు, నిమ్మరసం, పచ్చిమిర్చి చేరాయి. దానికి నాలుగు చుక్కల నూనె, చిటికెడు ఆవపిండి కలిపితే పెద్ద హోటళ్ళలో డ్రెస్సింగ్ అని పిలిచేది అదే.

పులుపు కోసం సిర్కా కూడా వాడవచ్చు. ఈ మాట ఫార్సీ నుంచి వచ్చింది. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం రేవులో ఫార్సీ మాట్లాడే వర్తకులు ఎందరో ఉండేవారు. ఇంట్లో రొట్టెకు ఆదరువుగా సిర్కా తప్ప మరేమీ లేదన్నప్పుడు దైవప్రవక్త (స) దానినే తెప్పించుకుని, మెచ్చుకుంటూ భుజించారని హజ్రత్ జాబిర్ (ర) ద్వారా సహీహ్ ముస్లింలో నమోదైంది. దానంతట అదే సిర్కాగా మారినది హలాలేనని పండితులు అంగీకరించారు. మద్యాన్ని కావాలని సిర్కాగా మార్చినప్పుడు హనఫీలు అనుమతించారు, షాఫయీలు ఒప్పుకోలేదు. సంశయం ఉన్నవారికి నిమ్మకాయ ఉండనే ఉంది.

ఇక తయారీ. నలుగురికి సరిపడా చెబుతున్నాము. మూత బిగుతుగా ఉండే గాజు సీసా తీసుకోండి. కళాయి లేని రాగి, ఇత్తడి గిన్నెల్లో పులుపు కలపరాదు. రెండు పెద్ద చెంచాల నిమ్మరసం, రెండు చెంచాల కాచి చల్లార్చిన నీళ్ళు, ఒక పెద్ద చెంచా నువ్వుల నూనె లేదా పల్లీ నూనె, అర టీ చెంచా ఆవపిండి, కొద్దిగా మిరియాల పొడి, ఉప్పు, చిటికెడు బెల్లం వేసి మూత పెట్టి బాగా గిలకొట్టండి. నూనె, నీరు విడిపోకుండా పట్టి ఉంచేది ఆవపిండి. అది లేకపోతే నూనె పైకి తేలిపోతుంది. పాశ్చాత్య పద్ధతిలో ఒక వంతు పులుపుకు మూడు వంతుల నూనె పోస్తారు. ఒక పెద్ద చెంచా నూనెలో సుమారు 120 కేలరీలు ఉంటాయి కాబట్టి మనం నూనె తగ్గించి నీళ్ళు చేర్చాము. జైతూన్ నూనె ఉంటే మంచిదే. దాని కోసం ప్రత్యేకించి డబ్బు పోయనక్కరలేదు.

పెరుగులా చిక్కగా ఉంటేనే బిర్యానీకి బాగుంటుందనేవారు రెండు చెంచాల నువ్వులను దోరగా వేయించి, నీళ్ళతో మెత్తగా రుబ్బి ఇందులో కలపవచ్చు. అరబ్బు దేశాలకు వెళ్ళి వచ్చినవారికి ఈ రుచి తహీనాగా తెలిసే ఉంటుంది. కొబ్బరి పాలు కూడా కొందరు వాడతారు. రుచి మాట నిజమే గాని, తేలికపాటిది కావాలనుకుంటే కొబ్బరి పాలు తగవు. వేసవిలో అవి త్వరగా విరిగిపోతాయి కూడా.

సీసాల్లో అమ్మే మయొనేజ్ మాటేమిటని అడిగేవారుంటారు. అందులో ముఖ్యంగా ఉండేది నూనె, గుడ్డు. కొన్నింటిలో పాలపొడి కూడా కలుస్తుంది కాబట్టి సీసా మీది వివరాలు చదివి కొనాలి. పచ్చి గుడ్లతో చేసిన మయొనేజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో ఒక ఏడాదిపాటు నిషేధించిన సంగతి గుర్తుండే ఉంటుంది.

కీరా, టమోటా, క్యారెట్, ముల్లంగి, ఉల్లిపాయలను శుభ్రమైన నీటితో కడిగి, తడి ఆరాక తరగండి. కాలువ నీరు, చెరువు నీరు వాడే ఊళ్ళల్లో కాచి చల్లార్చిన నీరే ఇందుకు మేలు. పచ్చిగా తినేవి గనుక ఇక్కడ అశ్రద్ధ పనికిరాదు. రసాన్ని వడ్డించే ముందు మాత్రమే పోయండి. ముందే పోస్తే ఉప్పుకు కీరా నీరు వదిలి ముక్కలు మెత్తబడతాయి. వెల్లుల్లి దంచి వేసుకునేవారు ఆ పూటకే చేసుకోవాలి. ఆవాలు, నువ్వులు కూడా కొందరికి పడవు. కొత్త అతిథి అయితే అడిగి వడ్డించండి.