వెనీసు నగరమున విద్యార్థినుల యాత్ర

పొలము లేదు, పుట్ర లేదు. త్రాగుటకు మంచినీటి యూట లేదు. చుట్టును ఉప్పునీరు, అడుగున బురద. ఇట్టి తావున నొక నగరము వెలసి, మిరియములను, పట్టును, రత్నములను తూర్పుదేశముల నుండి తెప్పించి ఐరోపాకు అమ్మి, కొన్ని వందల యేండ్లు మహారాజ్యములకు దీటుగా నిలిచినదనిన కట్టుకథవలె తోచును. ఇటలీ దేశమందలి వెనీసు నగర మట్టిది.

మన యాడుపిల్లలు పైచదువులకై దూరదేశములకు పోవుట నేడు తఱచైనది. మాకు పరిచితమైన యొక కుటుంబపు బాలిక పాదువా విశ్వవిద్యాలయమున చదువుచు, తోడి విద్యార్థినులతో వెనీసును చూచివచ్చి పెద్ద యుత్తరము వ్రాసినది. ఆ యుత్తరమును, నేను చదివిన చరిత్రగ్రంథములను ఆధారముగా గొని యీ వ్యాసము వ్రాయుచున్నాను. పిల్లను అంతదూరము పంపిన నేమి ప్రయోజనమని యడుగు తల్లులు పెక్కుమంది గలరు. వారి ప్రశ్నకు కొంత సమాధానము ఇందు దొరకునని నా తలంపు.

పాదువా నుండి వెనీసునకు రైలులో సుమారు అరగంట ప్రయాణము. మన పులికాటువంటి ఉప్పునీటి సరస్సుపై 1846లో తెఱచిన పొడవైన వంతెనమీదుగా రైలు ఊరు చేరును. స్టేషను మెట్లు దిగిన వెంటనే వీధికి బదులు కాలువ కనబడును. ఊరిలో బండ్లు లేవు, మోటారులు లేవు. నూటికి పైబడిన చిన్నదీవులను నాలుగువందలకు మించిన వంతెనలు కలుపుచున్నవి. రోగిని వైద్యశాలకు చేర్చుటయు, అంగడికి సరకు తెచ్చుటయు, తుదకు శవమును సాగనంపుటయు పడవలమీదనే. బురదలో లెక్కకు మిక్కిలి కఱ్ఱగుంజలను దగ్గఱదగ్గఱగా దిగగొట్టి, వానిపై పలకలను, ఇస్త్రియా రాతిని పఱచి మేడలు కట్టిరి. బురదలో గాలి సోకనందున కఱ్ఱ పుచ్చుట మిక్కిలి యాలస్యమగును. మేడలను చూచువారెల్లరు మెచ్చుకొందురు. గుంజలు మాత్ర మెవరికిని కనబడవు.

ఇల్లాండ్రకు మొదట తోచు ప్రశ్న నీళ్ళను గూర్చినదే. వెనీసులో ప్రతి చిన్నమైదానమునందును చెక్కడపుపని గల రాతి యొరలు నేటికిని కలవు. చూచుటకు బావులవలె నున్నను అవి ఊటబావులు కావు. మైదానము క్రింద పెద్ద గోతిని త్రవ్వి, ఉప్పునీరు చొరకుండ జిగటమట్టితో మెత్తి, ఇసుకతో నింపెడివారు. వాననీరు నేలమీది రంధ్రములగుండ ఇసుకలో దిగి తేరి, నడుమనున్న ఇటుకల కూపములో చేరును. మూతలకు తాళములు వేసి, నియమితవేళల గంట కొట్టి తెఱచుచుండిరి. ఇంటింటికి నీరు మోయుటకు కొండసీమల నుండి వచ్చిన పడుచులు వంగిన కఱ్ఱకు రెండు రాగిబిందెలు తగిలించి భుజమున వేసికొని తిరిగెడివారు. మన కావడి వంటిదే యది. 1884లో కొళాయినీరు వచ్చుటతో వారి పని క్రమముగా నశించినది.

రియాల్తో యను చోటు వెనీసు వాణిజ్యమునకు గుండెకాయ. అచ్చటి రాతివంతెన 1591లో ముగిసినది. వంతెన దాపున సంత నేటికిని సాగుచున్నది. సంతనడుమ నున్న పురాతనమైన గుడిగోడపై, ఈ చోట వర్తకుల ధర్మము న్యాయమైనదిగాను, తూనిక సరియైనదిగాను, ఒడంబడిక మోసము లేనిదిగాను ఉండవలెనను భావముగల లాటిను శాసనమున్నది. వర్తకులు పద్దులు వ్రాయు జమాఖర్చుల పద్ధతిని వివరించిన లూకా పచోలీ గ్రంథము 1494లో ఈ నగరముననే అచ్చయినది. ధనమున కాధారము నావలేకాదు, నమ్మకము గూడ నని ఆ వర్తకు లెఱిగిరి.

ఈ నమ్మకమును మన రాజులును ఎఱిగియుండిరి. బాపట్ల ప్రాంతపు మోటుపల్లి రేవున కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతమున అభయశాసనము వేయించెను. తుపానులో చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన నావల సరకును పూర్వపు రాజులు హరించుచుండిరి. మేము మాత్రము నియమితమైన సుంకమునే గైకొందుమని యందు చెప్పబడినది. ఆ మోటుపల్లికిని వెనీసునకును సంబంధము గలదు. వెనీసు వర్తకుడు మార్కోపోలో 1295లో స్వదేశము చేరి, 1298లో జెనోవావారి చెఱసాలలో తన యాత్రాకథను చెప్పి వ్రాయించెను. అందు ముట్‌ఫిలి యనునది మోటుపల్లియే యని చరిత్రకారుల నిర్ణయము. ఆ రాజ్యమునందలి వజ్రములను, సాలెగూటి దారములను బోలు సన్నని వస్త్రములను అతడు కొనియాడెను. అంతకన్న ముఖ్యముగా, అచ్చట నొక రాణి ఏలుచున్నదనియు, ఆమె న్యాయమును, శాంతిని ప్రేమించునదనియు వ్రాసెను. ఆమె రుద్రమదేవి. గణపతిదేవుని భార్య యని యతడు పొరబడెను గాని, ఆమె యా రాజు కూతురని మన శాసనములు చెప్పుచున్నవి. మార్కోపోలో కుటుంబము నివసించిన చోటు రియాల్తోకు దగ్గఱనే యున్నది. అచ్చట నిలిచిన మన బాలికకు తన దేశపు రాణి పేరు తోడివారికి చెప్పునప్పుడు కంఠము గద్గదమైనదట.

ఇట్టి నగరమున మంచినే చూచి మరలిరాదగదు. 1516లో యూదులను ఒక చిన్నదీవిలో నుంచి, రాత్రులందు ద్వారములు మూయించిరి. ఘెట్టో యను మాట లోకమునకు ఆ చోటినుండియే వచ్చినది. 1797లో ఫ్రెంచిసేన వచ్చి వెనీసు రాజ్యము కూలినపుడుగాని ఆ ద్వారములు తొలగలేదు. అప్పులకు, వైద్యమునకు యూదులను పిలిచినవారే వారిని వేఱుగా నుంచిరి.

మహాకాలువ యొడ్డున నేడు పురపాలక కార్యాలయమైన లొరెదాన్ భవనమునకు ఒక పలక గలదు. 1646లో నచ్చట ఎలెనా కొర్నారో పిస్కోపియా జన్మించెను. లాటిను, గ్రీకు, హెబ్రూ మొదలగు భాషలను ఆమె యింటనే గురువులకడ నేర్చెను. మతశాస్త్రమున పండితపట్టము కోరగా, స్త్రీకి తగదని పాదువా బిషప్పు నిరాకరించెను. తుదకు తత్త్వశాస్త్రమున పరీక్ష జరుపుటకు ఒప్పుకొనిరి. 1678 జూను 25వ తేదీని, జనసమ్మర్దము వలన పరీక్ష ప్రధానదేవాలయమున జరిగెను. అరిస్టాటిలు గ్రంథములను ఆమె లాటినున వివరింపగా ఉంగరము, పూలదండకు మాఱుగా ఆకులకిరీటము నిచ్చి గౌరవించిరి. విశ్వవిద్యాలయపు డాక్టరుపట్టమును పొందిన తొలిస్త్రీ యీమెయే యని చెప్పుదురు. 1684లో ఆమె కాలము చేసెను. ఆమె పిదప ఆ విశ్వవిద్యాలయమువారు స్త్రీలకు ద్వారము మూసిరి. ఒకరికి తెఱచిన తలుపు మఱియొకరికి తానై తెఱచుకొనదు. పాదువాలో ఆమె విగ్రహము చెంతనే తిరుగుచున్నను, వెనీసులో ఆ పలకను చూచిన తరువాతగాని ఆమె యెవరో తాను విచారింపలేదని మన బాలిక వ్రాసినది.

చివరి మజిలీ బురానో దీవి. సన్నని సూదిదారములతో లేసు కుట్టుట ఈ దీవి స్త్రీల పూర్వవిద్య. పందొమ్మిదవ శతాబ్దమున అది యంతరింపబోవగా, ఆ కుట్టు బాగుగ తెలిసిన ముసలమ్మ యొకతె మిగిలెను. బడిపంతులమ్మ యొకతె ఆమె చెంత కూర్చుండి, చేతుల కదలికను చూచి నేర్చి బాలికలకు నేర్పెను. 1872లో పాఠశాల యేర్పడెను. 1970లో నది మూతపడగా, నేడు ఆ భవనమున లేసు ప్రదర్శనశాల యున్నది. మన నరసాపురపు స్త్రీలు లేసును కొక్కెపుసూదితో అల్లుదురు. పద్ధతి వేఱు, కష్టమొకటే. వారి శ్రమను ఇంటిపనిగా లెక్కించి కూలి తగ్గించుటను జర్మనీ విదుషి మరియా మీస్ 1982లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. గాజుపెట్టెలోని లేసును మెచ్చునపుడు, దానిని అల్లిన చేతికి దక్కిన దెంత యని యడుగుట విద్యావతుల ధర్మము.

నేటి వెనీసునకు యాత్రికులే వర్తకము. పాతనగరమున 1951లో సుమారు 1,75,000 మంది నివసింపగా, నేడు 50,000 కంటె తక్కువ. ఇండ్లు బసలుగా మాఱినవి. 2024 నుండి కొన్నిదినములందు పగటి యాత్రికులకడ రుసుము గైకొనుచున్నారు. సముద్రపు పోటునుండి ఊరిని కాపాడు తలుపులు 2020లో పనికి వచ్చినవి.

సోదరీమణులారా! విద్యార్థినులు దేశాంతరమేగి మేడలముందు ఛాయాచిత్రములు తీయించుకొని వచ్చిన, ఖర్చు దండుగ యనువారిదే మాట నెగ్గును. నీరు మోసినదెవరు, లేసు అల్లినదెవరు, తలుపు తెఱపించినదెవరు అని యడిగి వచ్చిన, ఆ యాత్ర చదువులో భాగమగును. పంపుటకు ముందు ఆమెచే మోటుపల్లి శాసనమును, రుద్రమదేవి చరిత్రమును చదివింపుడు. వీలున్నచో మోటుపల్లికే యొకసారి తీసికొనిపొండు. రాతిస్తంభముపైనున్న ఆ శాసనమును ఆమె కన్నులార చూచిన పిదప వెనీసు ప్రయాణమునకు పెట్టె సర్దవచ్చును.